కుడి చెయ్యి స్ట్రైక్, ఎడమ చెయ్యి బాల్

బేస్‌బాల్‌లో బ్యాటర్ వెనక క్యాచర్ కూర్చుంటాడు, క్యాచర్ వెనక అంపైర్ నిలబడతాడు. ఎదురుగా ఉన్న పిచర్ విసిరిన బంతి, బ్యాటర్ పక్కన నేల మీదుండే హోమ్ ప్లేట్ మీదుగా సరైన ఎత్తులో వెళ్తే స్ట్రైక్, పక్కకి పోతే బాల్. ఇప్పటి లెక్కలో మూడు స్ట్రైకులకి బ్యాటర్ అవుట్. నాలుగు బాల్స్ పడితే తీరిగ్గా నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి వెళ్లిపోవచ్చు. 19వ శతాబ్దంలో ఈ అంకెలు తరచూ మారుతుండేవి గానీ పద్ధతి ఇదే. వైడ్ బాల్ తెలిసిన క్రికెట్ అభిమానులకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. కాకపోతే మన బౌలర్ వైడ్ వేస్తే అంపైర్ బ్యాటర్‌కి ఎదురుగా నిలబడి రెండు చేతులూ బారగా చాపుతాడు. బేస్‌బాల్ అంపైర్ బ్యాటర్ వీపు వెనక ఉంటాడు. పైగా 1880లలో అతను చేతులు కదిపేవాడు కాదు, నోటితో గట్టిగా అరిచేవాడు.

ఆ అరుపు వినపడని బ్యాటర్ సంగతేమిటి?

1886లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ జట్టులో చేరిన విలియం ఎల్స్‌వర్త్ హోయ్‌కి ఇదే పెద్ద చిక్కయింది. బంతి వెళ్లిన ప్రతిసారీ అంపైర్ ఏమన్నాడో తెలుసుకోవడానికి అతను మెడ వెనక్కి తిప్పాల్సి వచ్చేది. అవతలి పిచర్లు ఈ సంగతి కనిపెట్టేశారు. హోయ్ మళ్లీ ఇటు తిరిగి, కాళ్లు కుదురుగా పెట్టుకుని బ్యాట్ ఎత్తేలోగానే తర్వాతి బంతి విసిరేసేవాళ్లు. అది నిబంధనలకి విరుద్ధమేమీ కాదు. కానీ చూపు బాగున్న, చెయ్యి బాగున్న ఒక ఆటగాడు ఆ సీజన్ అంతా తడబడుతూనే ఆడాడు.

హోయ్ 1862 మే 23న ఒహాయో రాష్ట్రంలో హౌక్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. మూడేళ్ల వయసులో మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయింది. కొలంబస్‌లోని ఒహాయో బధిరుల పాఠశాలలో చేరి, తన తరగతికి మొదటివాడిగా నిలిచి 1879లో చదువు పూర్తిచేశాడు. బధిర పిల్లలు సొంత కాళ్ల మీద నిలబడాలని అలాంటి బడుల్లో చేతిపనులు నేర్పేవాళ్లు. హోయ్ చెప్పులు కుట్టడం నేర్చుకుని సొంతూళ్లో దుకాణం పెట్టాడు. ఎండాకాలం వచ్చిందంటే పల్లె జనం చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లు, బేరాలు తగ్గేవి. ఖాళీ దొరికినప్పుడల్లా దుకాణం బయట పిల్లలతో బేస్‌బాల్ ఆడేవాడు. అలా ఆడుతుండగా దారినపోయే ఒకాయన కంట్లో పడ్డాడనీ, ఆయన పిలుపు మీదే పక్క ఊరి జట్టుకి ఆడి అక్కణ్నుంచి వృత్తి క్రీడాకారుడయ్యాడనీ చెబుతారు.

మళ్లీ ఆష్‌కాష్‌కి వద్దాం. మొదటి ఏడాది దెబ్బ తిన్నాక, 1887లో హోయ్ ఒక ఉపాయం ఆలోచించాడు. బ్యాటింగ్ చేసే జట్టు తరఫున థర్డ్ బేస్ దగ్గర ఒక కోచ్ నిలబడతాడు. బేస్‌ల మధ్య పరుగెత్తే తన వాళ్లకి ఆగమనో పొమ్మనో చెప్పడం అతని పని. హోయ్ కుడిచేతి వాటం విసరగాడే గానీ బ్యాట్ మాత్రం ఎడమవైపు నిలబడి పట్టేవాడు. అలా నిలబడ్డ బ్యాటర్‌కి థర్డ్ బేస్ ఎదురుగానే కనిపిస్తుంది. అంపైర్ స్ట్రైక్ అంటే కుడి చెయ్యి ఎత్తు, బాల్ అంటే ఎడమ చెయ్యి ఎత్తు అని అతను ఆ కోచ్‌ని అడిగాడు. ఇక మెడ తిప్పే పని లేదు. పిచర్‌ని కనిపెట్టుకునే ఉంటూ ఒక్క క్షణం చూపు పక్కకి వేస్తే చాలు, లెక్క తెలిసిపోతుంది. ఆ ఏడాది అతని బ్యాటింగ్ ఒక్కసారిగా పుంజుకుంది, ఆష్‌కాష్ లీగ్ గెలిచింది. 1900లో ‘స్పోర్టింగ్ న్యూస్’ పత్రికకి రాసిన ఉత్తరంలో హోయ్ ఈ ఏర్పాటు గురించి స్వయంగా వివరించాడు. కనక ఇంతవరకు కట్టుకథ కాదు.

ఈ ఉపాయంలో నాకు బాగా నచ్చేది దాని పొదుపు. కొత్త పరికరం లేదు, కొత్త నిబంధన లేదు, ఖర్చు లేదు. మైదానంలో అప్పటికే ఉన్న మనిషికి, అప్పటికే ఉన్న రెండు చేతులకి ఒక పని అప్పగించాడు. సంజ్ఞలతో మాట్లాడే మనిషికే అంత తేలిగ్గా తట్టే ఆలోచన అది. వినపడే మనుషులు ఆ అరుపుల మధ్య ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నా వాళ్లకి దాని అవసరం రాలేదు, అందుకే తట్టలేదు.

1888లో వాషింగ్టన్ జట్టు అతన్ని నేషనల్ లీగ్‌కి తీసుకుంది. అగ్రశ్రేణిలో అదే అతని మొదటి సంవత్సరం. ఆ ఏడాది లీగ్ మొత్తం మీద అందరికంటే ఎక్కువగా 82 బేస్‌లు దొంగిలించాడు. పిచర్ చూపు తప్పించి ఒక బేస్ నుంచి మరో బేస్‌కి పరుగెత్తి చేరడాన్ని అక్కడ దొంగతనం అంటారు. అప్పట్లో దాన్ని లెక్కించే తీరు వేరు కనక ఇప్పటి అంకెలతో పోల్చకూడదు. అయినా ఆ ఏడాది అతని ముందు ఎవరూ లేరన్నది నిజమే. తర్వాతి ఏడాది జూన్ 19న ఇండియానాపొలిస్‌తో ఆడుతూ, అవుట్‌ఫీల్డ్ నుంచి నేరుగా హోమ్ ప్లేట్‌కి బంతి విసిరి ముగ్గురు రన్నర్లని అవుట్ చేశాడు. ఒకే మ్యాచ్‌లో ముగ్గురు! బౌండరీ దగ్గరి నుంచి నేరుగా కీపర్ చేతికి విసిరి మూడు రనౌట్లు చేయడంతో సమానం అనుకోండి. ప్లేట్ దగ్గర ఆ బంతులు అందుకున్న క్యాచర్ పేరు కాన్నీ మాక్. తర్వాతి కాలంలో బేస్‌బాల్ చరిత్రలోకెల్లా పేరుమోసిన మేనేజర్ అయ్యాడు ఆయన.

సెంటర్ ఫీల్డర్‌గా హోయ్‌కి ఇంకో ప్రమాదం ఉండేది. గాల్లోకి లేచిన బంతి కోసం ఇద్దరు ముగ్గురు ఫీల్డర్లు పరుగెత్తుకొస్తారు. ‘నాది, నాది’ అని అరిచినవాడికి మిగతావాళ్లు వదిలేస్తారు. వినపడనివాడు ఆ పరుగులో ఎవరినో ఒకరిని ఢీకొట్టక తప్పదు. వాషింగ్టన్‌లో చేరగానే హోయ్ దీనికీ దారి చూశాడు. జట్టు వాళ్లందరికీ తెలిసేలా ఒక చీటీ రాసి పెట్టాడు. బంతి తనదైతే తానే అరుస్తాననీ, తన అరుపు వినపడకపోతే తాను ఆ బంతికి రావడం లేదని అర్థం చేసుకోమనీ దాని సారాంశం. అతని గొంతు సన్నగా కీచుమని వచ్చేదట. తనకి వినపడని శబ్దాన్ని పక్కవాళ్ల కోసం తానే చేస్తానని మాటిచ్చాడు. సర్దుకుపోవడం ఒకవైపు నుంచే జరగాలని అతను ఎన్నడూ అనుకోలేదు.

ఆ రోజుల్లో బధిర ఆటగాళ్లందరికీ ‘డమ్మీ’ అని పేరు తగిలించేవాళ్లు. మూగవాడు అని ఎత్తిపొడుపు. పత్రికలు అలాగే రాసేవి, పేరు కింద అదే అచ్చయ్యేది. హోయ్ దాన్ని తుడిపేయాలని చూడలేదు, ఎవరైనా విలియం అని పిలిస్తే తానే సరిదిద్ది ‘డమ్మీ హోయ్’ అనమనేవాడు. మన ఊళ్లలో కూడా వినపడని పిల్లవాడికి బారసాలనాడు పెట్టిన పేరు మరుగున పడిపోయి, లోపమే పేరై కూర్చుంటుంది. హోయ్ ఆ పిలుపుని భరించి ఉండొచ్చు, సొంతం చేసుకుని ఉండొచ్చు. నేను మాత్రం అతన్ని హోయ్ అనే రాస్తాను.

అతని ఇంటి సంగతి కూడా చెప్పాలి. భార్య ఆనా మరియా కూడా బధిరురాలే, బధిర పిల్లలకి టీచర్. 1902లో సిన్సినాటి జట్టులో హోయ్‌తో కలిసి ఆడిన సామ్ క్రాఫర్డ్ ముసలితనంలో ఆ ఇంటి గురించి చెప్పాడు. వాకిట్లో గంట లేదు. దాని బదులు ఒక పిడి ఉండేది. అది లాగితే లోపల ఒక సీసపు గుండు విడుదలై, చెక్క గాడిలో దొర్లుకుంటూ వచ్చి ధనామని నేల మీద పడేది. ఆ అదురు కాళ్లకి తెలిసేది. ఎవరో వచ్చారని అర్థమై తలుపు తీసేవాళ్లు. స్ట్రైక్ సంజ్ఞ పుట్టిన బుర్రలోనే ఈ సీసపు గుండూ పుట్టిందంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు తగాదా ఉన్న చోటికి వద్దాం. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ బేస్‌బాల్ ఆడినా అంపైర్ స్ట్రైక్‌కి కుడి చెయ్యి వాడతాడు. ఇది హోయ్ పుణ్యమేనా? బధిర సమాజం అవుననే అంటుంది. క్రాఫర్డ్ కూడా అలాగే చెప్పాడు. అయితే ఆ కాలపు పత్రికలు తిరగేసిన పరిశోధకులకి, హోయ్ కోసం అంపైర్లు చేతులెత్తారనడానికి ఆధారం దొరకలేదు. హోయ్ అడిగింది తన కోచ్‌ని, అంపైర్‌ని కాదు. పైగా అంపైర్ చెయ్యి ఎత్తితే బాగుంటుందన్న మాట 1870లోనే హారీ రైట్ అనే మేనేజర్ ఒక ఉత్తరంలో అన్నాడు. 1905లో ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్‌లో సై రిగ్లర్ అనే అంపైర్ స్ట్రైక్‌కి కుడి చెయ్యి ఎత్తినట్టు అప్పటి పత్రికలో నమోదైంది. బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లోని ఫలకం ఈ ఘనతని బిల్ క్లెమ్ అనే పేరున్న అంపైర్‌కి కట్టబెట్టింది.

హోయ్ కంటే ముందే ఇంకో బధిరుడు కూడా ఉన్నాడు. ఎడ్ డండన్ అదే కొలంబస్ బడిలో చదివి, 1883లో అగ్రశ్రేణి బేస్‌బాల్ ఆడిన మొదటి బధిరుడయ్యాడు. 1886 అక్టోబరులో అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరంలో ఒక మ్యాచ్‌కి అతను అంపైర్‌గా నిలబడ్డాడు. కుడిచేతి వేళ్లతో స్ట్రైకులు, ఎడమచేతి వేళ్లతో బాల్స్ చూపించాడు. నాటౌట్ అంటే తల అడ్డంగా ఊపాడు, అవుట్ అంటే చెయ్యి ఊపాడు. దీన్ని ‘స్పోర్టింగ్ న్యూస్’ అప్పుడే అచ్చువేసింది. కుడి స్ట్రైక్, ఎడమ బాల్ అన్న విభజన డండన్‌దీ హోయ్‌దీ ఒకటే కావడం కాకతాళీయం అని నేననుకోను. ఇద్దరిదీ ఒకే బడి.

నా తీర్పు ఇది. ఒక్క మనిషి పేరు మీద పట్టా రాయగల ఆవిష్కరణ కాదు ఇది. కానీ పట్టాలో బధిరుల పేరు లేకపోవడం అన్యాయం. అంపైర్ చెయ్యి ఎత్తితే బాగుంటుందని వినపడేవాళ్లు అనుకున్న మాట నిజమే. 1880లలోనే దాన్ని ఆచరణలో పెట్టి, ఒక పద్ధతిగా మార్చి, ప్రేక్షకుల ముందు సాగుతుందని చూపించింది మాత్రం డండన్, హోయ్. దూరాన కూర్చున్న ప్రేక్షకుడికి అంపైర్ అరుపు ఎటూ వినపడదు. స్టేడియం పెరిగేకొద్దీ అందరూ బధిరులే. వాళ్లందరికీ అవసరమైనప్పుడు ఆ పద్ధతి చేతికందేలా సిద్ధంగా ఉంది.

అదే కాలంలో ప్రపంచం బధిరుల చేతులని కట్టేసే పనిలో ఉందన్నది మరిచిపోకూడదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య మీద అంతర్జాతీయ మహాసభ జరిగింది. సంజ్ఞల కంటే నోటిమాటే మేలని అక్కడ తీర్మానించారు. దాని ప్రభావంతో దేశదేశాల బధిర బడుల్లో సంజ్ఞాభాషని తరగతి గదుల నుంచి తరిమేశారు. దశాబ్దాల తరబడి పిల్లలు పెదవులు చదవడానికీ, రాని శబ్దాలు పలకడానికీ కష్టపడ్డారు. తరగతి గది వద్దన్న చేతిభాష అదే రోజుల్లో బేస్‌బాల్ మైదానంలో పనికొచ్చింది, నిలిచింది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆటగాళ్లు ప్రతి ఎత్తుగడకి ముందూ గుండ్రంగా చేరి, తలలు దగ్గరపెట్టి మంతనాలాడటం మీరు సినిమాల్లోనైనా చూసి ఉంటారు. దాని పుట్టుకా ఇలాంటిదే. వాషింగ్టన్‌లోని గాలాడెట్ బధిరుల కళాశాలకి 1890లలో పాల్ హబ్బర్డ్ క్వార్టర్‌బ్యాక్, అంటే మైదానంలో జట్టు ఎత్తుగడలు నడిపించేవాడు. వాళ్ల ఎత్తుగడలన్నీ సంజ్ఞల్లోనే సాగేవి. వినపడే జట్లతో ఆడేటప్పుడు ఇబ్బంది లేదు. ఇంకో బధిర బడితో ఆడితే మాత్రం అవతలివాళ్లు అన్నీ చదివేసేవాళ్లు. హబ్బర్డ్ తన వాళ్లని వలయంగా నిలబెట్టి మధ్యలో సంజ్ఞలు చేశాడు.

1902 మే 16న సిన్సినాటిలో ఇంకో ముచ్చట జరిగింది. బ్యాటింగ్‌కి వచ్చింది హోయ్, బంతి విసరాల్సింది న్యూయార్క్ జెయింట్స్ పిచర్ లూథర్ టేలర్. అతనూ బధిరుడే. అగ్రశ్రేణి ఆటలో ఇద్దరు బధిరులు ఎదురెదురుగా నిలబడటం అదే మొదలు. హోయ్ చేతులతో టేలర్‌ని పలకరించి, ఆ తర్వాత అతని బౌలింగ్‌లో రెండు హిట్లు కొట్టాడు. ఆ తర్వాత టేలర్ జట్టుకి మేనేజర్‌గా వచ్చిన జాన్ మెక్‌గ్రాకి మామూలుగా కఠినుడని పేరు. ఆయన టేలర్ కోసం సంజ్ఞాభాష నేర్చుకున్నాడు, జట్టు వాళ్లూ నేర్చుకున్నారు. ఒక ఆటగాడి కోసం జట్టంతా కొత్త భాష నేర్చుకోవడం ఇవాళ్టికీ అరుదే.

అక్కణ్నుంచి ఈ కథ పారిస్ చేరింది. యూజీన్ రూబెన్స్ ఆల్కే అనే బధిర మెకానిక్ 1924 ఆగస్టులో అక్కడ బధిరుల కోసం అంతర్జాతీయ పోటీలు పెట్టాడు. తొమ్మిది దేశాల నుంచి 148 మంది వచ్చారు. పారాలింపిక్స్ మొదలు కావడానికి అప్పటికింకా 36 ఏళ్లుంది. ఆ పారిస్ పోటీలే ఇప్పటి డెఫ్లింపిక్స్. అక్కడ వినికిడి యంత్రాలు తీసేసి బరిలోకి దిగాలి. పరుగు పందెంలో తుపాకీ మోతకి బదులు గీత దగ్గర దీపాలు రంగు మారతాయి. ఫుట్‌బాల్‌లో రిఫరీ జెండా ఊపుతాడు. దక్షిణాఫ్రికా ఈతగాడు టెరెన్స్ పార్కిన్ బధిరుడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మెరుపు దీపం చూసి నీళ్లలోకి దూకి, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో వెండి పతకం గెలిచాడు. అక్కడ అతనితో పోటీపడ్డవాళ్లంతా వినపడేవాళ్లే.

మన వాళ్ల సంగతి చెప్పుకోవడం నాకు గర్వం. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు, మిక్స్‌డ్ టీమ్‌లో ఇంకో స్వర్ణం తెచ్చాడు. 2025లో టోక్యోలో మళ్లీ స్వర్ణం కొట్టాడు. కర్నూలు అమ్మాయి జాఫ్రీన్ షేక్ 2022లోనే టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి కాంస్యం గెలిచింది. టెన్నిస్ తెలిసినవాళ్లకి ఆ కాంస్యం బరువు తెలుస్తుంది. అవతలివాడి రాకెట్‌కి బంతి తగిలిన చప్పుడుని బట్టి వేగాన్నీ స్పిన్‌నీ సగం పోల్చుకుంటారు ఆటగాళ్లు. ఆ సగం లేకుండా, కళ్లతోనే ఆడాలి.

హోయ్ 1902తో అగ్రశ్రేణి ఆట ముగించాడు. రెండువేలకి పైగా హిట్లు, 590కి పైగా దొంగిలించిన బేస్‌లు అతని లెక్కలో ఉన్నాయి. తర్వాత పాడిపశువుల పెంపకం చేసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గుడ్‌ఇయర్ కంపెనీలో బధిర కార్మికుల బాగోగులు చూశాడు. 1961 అక్టోబర్ 7న, 99 ఏళ్ల వయసులో, సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌కి లాంఛనంగా తొలి బంతి విసిరాడు. ఆ డిసెంబర్ 15న కన్నుమూశాడు. సిన్సినాటి జట్టు 2003లో అతన్ని తన గౌరవ పీఠంలో చేర్చుకుంది. గాలాడెట్ విశ్వవిద్యాలయం మైదానానికి అతని పేరు పెట్టింది. 1993లో మాంట్రియల్ తరఫున ఆడుతూ అగ్రశ్రేణిలో తన మొదటి హిట్ కొట్టిన బధిరుడు కర్టిస్ ప్రైడ్, తర్వాత ఆ విశ్వవిద్యాలయం జట్టుకే కోచ్ అయ్యాడు. కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి మాత్రం హోయ్‌కి ఇంతవరకూ ప్రవేశం దొరకలేదు. చేర్చాలని బధిర సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి. చేర్చి తీరాలి.

అది అమెరికా వాళ్లు తేల్చుకోవాల్సిన పని. మనం చేయాల్సింది మన బడుల్లోనే ఉంది. పాఠశాల ఆటల పోటీలు నడిపే వ్యాయామ ఉపాధ్యాయులకి ఒక్క విన్నపం. ఈసారి పరుగు పందెం గీత దగ్గర వినపడని పిల్లవాడో పిల్లో నిలబడితే, విజిల్‌తో పాటు ఒక ఎర్రగుడ్డ కూడా ఊపండి. ఖోఖోలో, కబడ్డీలో పాయింటు ఎవరిదో చేత్తో చూపించండి. దీనికి జీవో అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.